నొప్పి ఉందంటే నమ్మాలని నేర్పేది మనమే

నర్సింగ్‌లో చేరిన ప్రతి పిల్లా మొదటి ఏడాదిలోనే ఒక నిర్వచనం నేర్చుకుంటుంది. మార్గో మెక్‌కాఫరీ అనే అమెరికన్ నర్సు 1968లో చెప్పిన మాట అది. నొప్పి పడుతున్న మనిషి దేన్ని నొప్పి అంటే అదే నొప్పి, ఎప్పుడు ఉందంటే అప్పుడు ఉన్నట్టే. ఎక్స్‌రేలో కనబడాలని గానీ, మొహం ముడుచుకోవాలని గానీ, బీపీ పెరగాలని గానీ అందులో షరతులేవీ లేవు. పేషెంటు చెబుతారు, నర్సు నమ్మి రాసుకుంటుంది, అక్కడి నుంచి చికిత్స మొదలవుతుంది. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఈ ప్రశ్న నేనూ అడుగుతుంటాను. దాదాపు అందరూ తడుముకోకుండా చెబుతారు.

అదే పిల్ల రెండో ఏడాదిలో వార్డులో నడుం పట్టుకుని "నిలబడలేకపోతున్నాను మేడమ్" అంటే మన నోట వచ్చే మొదటి మాట, "రాత్రి ఎన్నింటికి పడుకున్నావ్?" తర్వాత, "పొద్దున టిఫిన్ తిన్నావా?" ఆ తర్వాత, "ఈ వయసులో నడుం నొప్పేంటమ్మా, మేమంతా చెయ్యలేదా?" పేషెంటుకి వర్తించే నిర్వచనం ఆ పేషెంటు పక్కనే యూనిఫాంలో నిలబడ్డ పిల్లకి ఎందుకు వర్తించదో నాకు అర్థం కాదు. నేను నర్సింగ్ ట్యూటర్‌ని. అంతకుముందు స్టాఫ్ నర్సుని, ఇంకా ముందు స్టూడెంట్‌ని. నా నడుం నొప్పి స్టూడెంట్‌గా ఉన్నప్పుడే మొదలైంది, ఇప్పటికీ వస్తూ పోతూ ఉంది. అప్పట్లో నన్ను చూసిన డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి, అందులో ఏమీ లేదని చెప్పి, పెళ్లయితే అదే పోతుందన్నారు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. నర్సింగ్ విద్యార్థుల ఒంట్లో నెలల తరబడి ఉండిపోతున్న నొప్పి చాలావరకు మనం వాళ్లకి చదువు చెప్పే ఏర్పాటులోంచి వస్తోంది. మంచాలు, డ్యూటీలు, హాజరు లెక్కలు, రికార్డులు, మన నోటిమాటలు, అన్నీ కలిసి తెస్తున్న నొప్పి అది. ఇవన్నీ మనుషులు పెట్టినవే కాబట్టి మనుషులే మార్చగలరు.

మూడు నెలలు దాటి ఉండిపోయిన నొప్పినీ, మూడు నెలలకు పైగా వస్తూ పోతూ ఉన్న నొప్పినీ వైద్యంలో దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక, ఐసీడీ 11, దీనికి విడిగా ఒక చోటిచ్చింది. వేరే ఏ కారణమూ దొరక్కపోయినా ఆ నొప్పే ఒక జబ్బు కావచ్చని ఒప్పుకుంది. ఈ మూడు నెలల లెక్క పట్టుకుని ఏ నర్సింగ్ హాస్టల్లోనైనా ఒక సాయంత్రం కూర్చోండి. మెడ నుంచి భుజం దాకా లాగేస్తోందనే వాళ్లు, పొద్దున మంచం దిగి మడమ నేల మీద మోపలేని వాళ్లు, నైట్ డ్యూటీ వారం మొత్తం తలపోటుతో ఉండే వాళ్లు, నెలసరి వస్తోందంటేనే భయపడే వాళ్లు, అన్నిటికంటే ఎక్కువగా నడుం. ప్రతి గదిలో జండూబామ్ సీసా, వేడినీళ్ల బ్యాగు ఉంటాయి. వాళ్లు దాన్ని జబ్బు అనుకోరు. నర్సింగ్ అంటే ఇంతే అనుకుంటారు.

ఒక మధ్యాహ్నం డ్యూటీలో చూసింది చెబుతాను. మేల్ మెడికల్ వార్డు. పక్షవాతం వచ్చిన పెద్దాయన, భారీ మనిషి, కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే బెడ్‌సోర్, అంటే కదలకుండా పడుకోవడం వల్ల పడే పుండు, వస్తుంది. మంచం ఒక వైపు గోడకు ఆనించి ఉంది, కాబట్టి ఇద్దరు అమ్మాయిలూ ఒకే వైపు నుంచి లాగాలి. మంచం ఎత్తు వాళ్ల మోకాళ్లకి కాస్త పైకి వస్తుంది, అంతే. తలవైపు పైకి లేపే హ్యాండిల్ ఎప్పుడో ఊడిపోయింది. సెలైన్ స్టాండు కాళ్లకి అడ్డం. అందులో ఒకమ్మాయి మోకాలు మంచం కమ్మీకి ఆనించి, బాగా ముందుకు వంగి, పేషెంటు కింద పరిచే డ్రా షీట్ అంచు రెండు చేతులకీ చుట్టుకుని లాగింది. పెద్దాయన సగం తిరిగి ఆగిపోయారు. "ఇంకొక్కసారి లాగుదామే" అంది రెండో అమ్మాయి. మళ్లీ లాగారు. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టారు. పడిపోయిన చెయ్యి కింద తువ్వాలు మడతపెట్టి ఎత్తుగా సర్దారు. పెద్దాయన భార్య "నా తల్లులే, చల్లగా ఉండండి" అంది. ప్రొసీజర్‌లో నేను వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఆ మొదటి అమ్మాయి మాత్రం నిటారుగా లేవలేకపోయింది. మంచం కమ్మీ పట్టుకుని కాసేపు అలాగే వంగి ఉండి, తొడ మీద చెయ్యి మోపి తోసుకుంటూ మెల్లగా పైకి వచ్చింది. పైపెదవి మీద చెమట పట్టింది. వెంటనే లాకర్ మీద చార్టు పెట్టుకుని, మళ్లీ వంగి, పొజిషన్ మార్చిన టైం రాసింది.

"నడుమా అమ్మా?" అన్నాను.

"ఏం లేదు మేడమ్."

"ఎన్నాళ్ల నుంచి?"

"సంక్రాంతి ముందు నుంచి మేడమ్."

అప్పటికి ఎండాకాలం వచ్చేసింది. ఎవరికైనా చెప్పావా అంటే, "చెబితే సిక్ లీవ్ పెట్టుకోమంటారు మేడమ్. ఆ డ్యూటీలన్నీ మళ్లీ సెలవుల్లో చెయ్యాలి. ఇంటి దగ్గర అమ్మ ఒక్కతే. సెలవులకన్నా వెళ్లకపోతే ఎట్లా?" అంది.

ఆ పెద్దాయన కేర్ ప్లాన్ రాసింది కూడా ఆ పిల్లే. భుజం నొప్పి పదికి నాలుగు అని, తిప్పిన తర్వాత రెండుకి తగ్గిందని శ్రద్ధగా రాసింది. ఆమె నడుం ఎంతకి ఎంత ఉందో రాయడానికి మా కాలేజీలో ఒక కాగితం కూడా లేదు.

ఆ మంచం దగ్గర జరిగింది బరువు లెక్కల్లో చూద్దాం. అమెరికాలో పనిచేసే చోట భద్రత మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్. అందులో పనిచేసిన థామస్ వాటర్స్ 2007లో నర్సుల కోసం ఒక హద్దు లెక్కగట్టారు. పేషెంటుని చేతులతో ఎత్తేటప్పుడు ఒక మనిషి మీద పడే బరువు 35 పౌండ్లు, అంటే దాదాపు 16 కిలోలు దాటకూడదు. అది కూడా పేషెంటు సహకరిస్తే, బరువు ఒంటికి దగ్గరగా ఉంటే, నడుం మెలితిప్పాల్సిన అవసరం లేకపోతేనే. మనిషి ఒక కాలు బరువు అతని మొత్తం బరువులో ఆరో వంతు దాకా ఉంటుంది. డెబ్బై కిలోల మనిషి కాలు ఒక్కటే పదకొండు కిలోలు. ఆర్థో వార్డులో దాని మీద పిండికట్టు కూడా ఉంటుంది. డ్రెస్సింగ్ అయ్యేదాకా ఆ కాలుని గాల్లో ఎత్తి పట్టుకుని నిలబడేది ఎవరు? సర్జన్ కాదు, పీజీ డాక్టరు కాదు. "పాపా, ఇలా వచ్చి పట్టుకో" అని పిలిపించుకున్న రెండో ఏడాది అమ్మాయి.

ఫ్యాక్టరీలకైతే దీని మీద ఎప్పుడో చట్టం వచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లోనే, దెబ్బతగిలేంత బరువు ఏ కార్మికుడి చేతా ఎత్తించకూడదని రాశారు. వార్డు ఫ్యాక్టరీ కాదు, స్టూడెంట్ కార్మికురాలు కాదు. జీతం తీసుకోదు కాబట్టి ఉద్యోగి రక్షణలు ఆమెకి లేవు. కానీ ఆమె రాకపోతే వార్డులో బెడ్లు సర్దేవాళ్లు ఉండరు. నర్సింగ్ చదువుకి నియమాలు పెట్టే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలి. నేను చూసిన వార్డుల్లో ఒక షిఫ్టులో మొత్తం వార్డుకి ఒకరో ఇద్దరో స్టాఫ్ నర్సులు ఉంటారు. ఆ ఖాళీని స్టూడెంట్ల నడుములతో పూడుస్తున్నాం. సిస్టర్లని నేను తప్పుపట్టను. వాళ్లూ అవే నడుములతో ఇరవై ఏళ్లుగా నెట్టుకొస్తున్నారు.

మరి మేం బాడీ మెకానిక్స్ నేర్పడం లేదా అంటే, నేర్పుతున్నాం. కాళ్లు ఎడంగా పెట్టు, మోకాళ్లు వంచు, నడుం వంచకు, బరువు దగ్గరగా పట్టుకో. ల్యాబ్‌లో దీన్ని బొమ్మ మీద చేయిస్తాం. ఆ బొమ్మ తేలిగ్గా ఉంటుంది, ఎదురు తిరగదు, భయపడి మన మెడ పట్టుకోదు. ల్యాబ్‌లో మంచం చుట్టూ జాగా ఉంటుంది, ఎత్తు మార్చుకునే వీలుంటుంది. వార్డుకి వెళ్లగానే ఆ పాఠంలో ఒక్కటీ పనిచెయ్యదు. మోకాళ్లు వంచుదామంటే మంచం కింద పేషెంటు తాలూకు సామాను, బకెట్టు, తోడుగా ఉన్నవాళ్ల చాప. వైద్య పరిశోధనలన్నీ కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2011లో ప్రచురించిన సమీక్షలో, బరువులెత్తే పద్ధతి మీద శిక్షణ, సలహాలు ఇచ్చినంత మాత్రాన పనివాళ్లలో నడుం నొప్పిని ఆపగలమనడానికి ఆధారం దొరకలేదని తేల్చారు. ఎలా వంగాలో నేర్పి, వంగక తప్పని చోట నిలబెట్టి, నొప్పి వస్తే "నువ్వు సరిగ్గా వంగలేదు" అంటున్నాం. తప్పంతా పిల్ల మీదకి నెట్టేయడానికి ఆ పాఠం మనకి బాగా పనికొస్తోంది.

అబ్బాయిల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరూ చెప్పరు. నర్సింగ్‌లో వాళ్లు కొద్దిమందే ఉంటారు. భారీ పేషెంటు వస్తే "మేల్ స్టూడెంట్ ఎవరైనా ఉన్నారా, పిలవండి" అని నాలుగు వార్డుల నుంచి కబురు వస్తుంది. స్ట్రెచర్ తొయ్యడం, ఆక్సిజన్ సిలిండర్ దొర్లించుకు రావడం, థియేటర్‌లో టేబుల్ మీదకి ఎత్తడం, అన్నీ వాళ్లకే. నా దగ్గర చదివిన ఒకబ్బాయి నాలుగో ఏడాదికి వచ్చేసరికి ఎడమ కాలిలోకి లాగుతూ నొప్పితో నడిచేవాడు. వాడు నాకు చెప్పలేదు, వాళ్లమ్మ ఫోన్ చేసి చెప్పింది. మగపిల్లాడు నడుం నొప్పి అంటే నవ్వుతారని వాడి భయం.

నెలసరి నొప్పి దగ్గరికి వస్తే మాటలు ఇంకా తగ్గిపోతాయి. గర్భాశయంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరగడం వల్ల కండరాలు గట్టిగా బిగుసుకుని ఆ నొప్పి వస్తుందని పాఠం చెబుతాం. కొందరిలో వాంతులు, విరేచనాలు కూడా అవుతాయని చెబుతాం. ఏళ్ల తరబడి అలాంటి నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు, ఉందేమో చూడాలనీ చెబుతాం. కానీ మా పిల్లలు ఆ రోజుల్లో ఎలా డ్యూటీ చేస్తారు? వార్డులో స్టూడెంట్లకంటూ బాత్రూం ఉండదు. పేషెంట్ల బాత్రూంకి వెళ్లలేక పొద్దున ఏడు నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. తెల్ల బట్టల మీద మరక పడుతుందేమోనన్న టెన్షన్ ఒకటి. నీళ్లు తాగక తలపోటు, యూరిన్ ఇన్‌ఫెక్షన్. ఇవన్నీ ఆపుకోవడానికి మెఫ్టాల్ స్పాస్ అనే నొప్పి మాత్ర.

మందుల గురించి నాకు నిజంగా భయంగా ఉంటుంది. నర్సింగ్ విద్యార్థికి మందుల పేర్లు తెలుసు, డోసు తెలుసు, చుట్టూ మందులే. పరగడుపున మెఫ్టాల్, మధ్యాహ్నం డైక్లోఫెనాక్, రాత్రి డోలో, ఇలా రోజుల తరబడి మింగేవాళ్లని చూశాను. కడుపులో పుండు వస్తుందని, కిడ్నీల మీద పడుతుందని ఫార్మకాలజీలో మార్కులు తెచ్చుకున్న పిల్లలే. మెఫ్టాల్‌లో ఉండే మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగానైనా డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ రావచ్చని, కనిపెట్టుకుని ఉండమని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో డాక్టర్లనీ జనాన్నీ హెచ్చరించింది. ఆ మందు చెడ్డదని నేననడం లేదు. సరిగా వాడితే నెలసరి నొప్పికి బాగానే పనిచేస్తుంది. కానీ డ్యూటీ ఆగకుండా ఉండడం కోసం, డాక్టరుకి చూపించుకోకుండా, ఎవరికీ చెప్పకుండా మింగితే దాన్ని చికిత్స అనలేం.

రక్తహీనత మాట కూడా వస్తుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే 2019-21 నాటి సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మన దగ్గర చేరే పిల్లలు ఆ ఇళ్ల నుంచే వస్తారు. కాబట్టి హీమోగ్లోబిన్ చూడాల్సిందే, ఐరన్ ఇవ్వాల్సిందే. అయితే "రక్తం లేదు, తిండి తినవు, అందుకే నొప్పులు" అని అక్కడితో ఫైలు మూసేయడానికి ఆ రిపోర్టుని వాడుకోకూడదు. హీమోగ్లోబిన్ పన్నెండు దాటి రక్తహీనత లేని అమ్మాయి నడుం కూడా ఆ మంచం దగ్గర పట్టేస్తుంది.

ఎక్స్‌రేలో ఏమీ లేనప్పుడు నొప్పి ఎందుకు ఉండిపోతుంది? ఇది తెలిస్తే మన మాటతీరు కొంతైనా మారుతుందని నా నమ్మకం. నడుం నొప్పి ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఫలానా ఎముకో డిస్కో కారణమని వేలుపెట్టి చూపించలేం. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ అనే శాస్త్రవేత్త, దెబ్బ తగిలాక వెన్నుపాములోని నాడీకణాలే అతిగా స్పందించడం మొదలుపెడతాయని చూపించారు. ఆ దారిలో తర్వాత ఎంతో పరిశోధన జరిగింది. కొందరిలో నొప్పిని పెంచే తగ్గించే ఏర్పాటు, ఐదు మీద ఇరుక్కుపోయిన ఫ్యాన్ రెగ్యులేటర్ లాగా, పైస్థాయిలోనే ఉండిపోతుంది. కండరం మానినా నొప్పి తగ్గదు. నిద్ర లేకపోతే అది ఇంకా పెరుగుతుంది, దిగులు ఉంటే పెరుగుతుంది. ఇప్పుడు మా పిల్లల రోజు చూడండి. నైట్ డ్యూటీ దిగి వచ్చి, పగలు క్లాసు అటెండ్ అయ్యి, రాత్రి హాస్టల్ మంచం మీద మెడ వంచి కూర్చుని కేస్ స్టడీ, కేర్ ప్లాన్, డ్రగ్ ఫైలు, లాగ్ బుక్ చేత్తో రాస్తారు. గదిలో టేబుల్ ఉండదు. ఒకే ప్రొసీజర్‌ని పుస్తకంలోంచి రికార్డులోకి ఎత్తి రాయడం వల్ల చదువు ఎంత వస్తుందో నాకైతే అనుమానమే. మెడ నొప్పి మాత్రం ఖాయంగా వస్తుంది. దాని మీద నొప్పి ఉందని చెబితే నమ్మరన్న దిగులు. మనం నమ్మకపోవడం కూడా ఆ నొప్పిని పెంచేవాటిలో ఒకటి.

అన్నిటికంటే గట్టిగా మార్పు కోరేది హాజరు నిబంధనలో. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రకారం పరీక్ష రాయాలంటే థియరీలో 80 శాతం, ప్రాక్టికల్‌లో 80 శాతం హాజరు కావాలి. డిగ్రీ చేతికి రావాలంటే మాత్రం క్లినికల్, అంటే వార్డు డ్యూటీలు, నూటికి నూరు శాతం పూర్తిచెయ్యాలి. దీని వెనక ఉన్న ఆలోచన నాకు తెలుసు, గౌరవిస్తాను కూడా. చెయ్యి తిరగని నర్సుని పేషెంటు మీదకి వదలకూడదు. కానీ ఆచరణలో జరిగేదేంటి? జ్వరం వచ్చినా, నడుం పట్టేసినా, నెలసరి నొప్పితో కళ్లు తిరిగి పడిపోయినా, పోయిన ప్రతి డ్యూటీ సెలవుల్లో తిరిగి చెయ్యాలి. అదే వార్డులో, అదే మంచాల దగ్గర. నొప్పి తెచ్చిన పనే నొప్పికి జరిమానా అవుతోంది. అందుకే ఆ అమ్మాయి సంక్రాంతి నుంచి నోరు విప్పలేదు. కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం 2023 జనవరిలో నెలసరి కోసం విద్యార్థినుల హాజరులో 2 శాతం సడలింపు ఇచ్చింది, వెంటనే కేరళ ప్రభుత్వం ఉన్నత విద్యాశాఖ కింద ఉన్న విశ్వవిద్యాలయాలన్నిటికీ దాన్ని విస్తరించింది. అది థియరీ క్లాసులకి సరిపోతుంది. మనకి కావాల్సింది వేరే. గంటలు తగ్గించమని నేను అడగడం లేదు. తిరిగి చెయ్యాల్సిన గంటలు బరువులెత్తే వార్డులోనే చెయ్యాలన్న పట్టు వదలమంటున్నాను. టీకాలు వేసే ఇమ్యునైజేషన్ క్లినిక్ ఉంది, గర్భిణుల్ని చూసే ఏఎన్‌సీ ఓపీ ఉంది, డిశ్చార్జ్ అయ్యేవాళ్లకి మందులు వివరించే పని ఉంది, డయాబెటిస్ పేషెంట్లకి ఇన్సులిన్ నేర్పే పని ఉంది. ఇవన్నీ నర్సింగే. ఇక్కడ నేర్చుకున్న గంటలు ఎందులోనూ తక్కువ కావు.

మేం దీపాల పండుగ లాగా లాంప్ లైటింగ్ చేస్తాం. ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీద ప్రతిజ్ఞ చేయిస్తాం. ఆమె 1855లో క్రిమియా యుద్ధంలో ఉండగా జ్వరపడి చావు దాకా వెళ్లి వచ్చిన సంగతి, ఆ తర్వాత ఏళ్ల తరబడి వెన్ను నొప్పితో మంచం పట్టిన సంగతి ఆ సభల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఇండియాలోని సైన్యం ఆరోగ్యం మీద 1863లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక కోసం ఆమె చేసిన పనిలో చాలా భాగం గది దాటలేని స్థితిలో చేసిందే. అప్పుడు ఆమె చుట్టూ ఉన్నవాళ్లు ఫైళ్లు ఆమె దగ్గరికి తెచ్చారు, మంత్రులు ఆమె గదికి వచ్చి కూర్చున్నారు. నొప్పి ఉన్న మనిషికి తగ్గట్టు పనిని మార్చారు. మొదటి ఏడాది పిల్లలకి నేనిప్పుడు ఈ భాగం కూడా చెబుతున్నాను.

"ఇలా మొదలుపెడితే అందరూ నొప్పి అంటారు" అన్నది నాకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం. కొందరు అంటారు, ఒప్పుకుంటాను. డ్యూటీ ఎగ్గొట్టడానికి సాకు వెతికేవాళ్లు ఏ కాలేజీలోనైనా ఉంటారు. అలాంటి వాళ్లు ఇప్పుడూ ఏదో ఒక సాకు చెబుతూనే ఉన్నారు. వాళ్లని పట్టుకోవడం కోసం నిజంగా నొప్పి ఉన్నవాళ్లందరినీ మాట్లాడకుండా చెయ్యడం న్యాయం కాదు. పైగా నొప్పిని రాసిపెట్టే పద్ధతి ఉంటే, ఎవరికి ఎప్పుడు ఏ పని తర్వాత వస్తోందో కాగితం మీద కనబడుతుంది. సాకులకి అందులో చోటు తగ్గుతుంది.

రెండో అభ్యంతరం బరువైనది. పేషెంటుని తిప్పక తప్పదు కదా, మరి ఎవరు తిప్పాలి? నిజమే, ఆ పెద్దాయనకి పుండు పడితే ఆ పాపం ఎవరిది? అందుకే నా వాదన తిప్పొద్దని కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో నర్సుల సంఘం 1998లోనే చేతులతో ఎత్తకూడదనే విధానం తెచ్చింది, ప్రభుత్వం పరికరాలకి డబ్బిచ్చింది, నర్సుల నడుం గాయాలు తగ్గాయి. జపాన్ 2013లో మార్గదర్శకాలు సవరించి, ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో మనుషుల్ని మనుషులు ఎత్తకూడదన్నదే సూత్రంగా పెట్టుకుంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకి భాష నేర్పి జర్మనీకి, జపాన్‌కి పంపిస్తోంది కదా. నల్గొండ అమ్మాయి జపాన్ వెళ్లాక అక్కడ చేతులతో ఎత్తొద్దంటారు. ఇక్కడ ఆమె చదువుకునే నాలుగేళ్లూ ఎత్తిస్తాం. వెళ్లేటప్పటికే నడుం పాడైతే?

మన దగ్గర డబ్బు లేదంటారు. కరెంటు మంచాలు, లిఫ్టులు ఖరీదైనవే, రేపే రావు. కానీ మంచాన్ని గోడకి అడుగున్నర ఎడంగా జరపడానికి డబ్బు అక్కర్లేదు. ఊడిపోయిన హ్యాండిళ్లు బిగించడానికి మెకానిక్ ఒక పూట వస్తే చాలు. జారే నైలాన్ గుడ్డతో స్లైడ్ షీట్ కుట్టించడానికి వందల్లో అవుతుంది. దాని మీద పేషెంటు జరిగినంత తేలిగ్గా నూలు డ్రా షీట్ మీద జరగడు. ఇంకో వనరు మన వార్డుల్లో ఎప్పుడూ ఉంటుంది. పేషెంటు తాలూకు మనుషులు. ఇంటికి వెళ్లాక ఆ పెద్దాయనని తిప్పాల్సింది ఆయన కొడుకే. మొదటి రోజు నుంచే అతన్ని కలుపుకుని, నేర్పుతూ తిప్పితే ఇద్దరి మీద పడే బరువుని ముగ్గురు పంచుకుంటారు, అతనికి పని వస్తుంది, మన పిల్లకి హెల్త్ ఎడ్యుకేషన్ చేసిన అనుభవం వస్తుంది.

చదువుతున్న పిల్లలకి నేరుగా ఒక మాట. నొప్పి మొదలైన రోజే రాసిపెట్టుకోండి. ఎక్కడ, ఎప్పుడు, ఏ పని తర్వాత, పదికి ఎంత. పేషెంటుకి ఎలా రాస్తారో మీకూ అలాగే. నడుం నొప్పికి రోజుల తరబడి మంచం పట్టడం మంచిది కాదు. నడవండి, ఫిజియోథెరపిస్ట్ చెప్పిన వ్యాయామాలు చెయ్యండి. కాలు బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, జ్వరంతో పాటు నడుం నొప్పి వచ్చినా డ్యూటీ, హాజరు అన్నీ పక్కనపెట్టి ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నెలసరి నొప్పి మాత్రలకి లొంగకపోతే గైనకాలజిస్టుకి చూపించుకోండి, అమ్మకి కూడా అలాగే ఉండేదని ఊరుకోకండి.

మా కాలేజీలో ఈ విషయం స్టాఫ్ మీటింగ్‌లో పెట్టాను. వాదనలు అయ్యాయి. హాజరు సంగతి మన చేతిలో లేదు, యూనివర్సిటీకీ కౌన్సిల్‌కీ రాయాలన్నారు. రాశాం, జవాబు కోసం చూస్తున్నాం. మిగతా వాటికి ప్రిన్సిపల్ మేడమ్ ఒప్పుకున్నారు, రెండు వార్డుల వరకు. మేల్ మెడికల్, ఆర్థో. స్లైడ్ షీట్లు టైలర్ దగ్గర కుట్టించాం. కదలలేని పేషెంటుని ఇద్దరు స్టూడెంట్లు మాత్రమే కలిసి తిప్పకూడదని డ్యూటీ లిస్టు పైనే రాశాం. పక్క కాలేజీ ఫిజియోథెరపీ డిపార్ట్‌మెంట్ వాళ్లు శనివారం మధ్యాహ్నాలు మన పిల్లల్ని చూస్తామన్నారు. రెండో ఏడాది వాళ్ల లాగ్ బుక్ వెనక ఒక పేజీ అతికించాం, వాళ్ల నొప్పి రాసుకోవడానికి. ఆ పేజీ మార్కులకి లెక్కలోకి రాదని, హాజరుతో దానికి సంబంధం లేదని నేను సంతకం పెట్టి ఇచ్చాను.